చెవిటి యూనిస్ కింద తప్పిన గురి

కొలంబియా,
ఆగస్టు 25, 1975

అన్నయ్యకు,

డిసెంబర్ ఒకటో తారీఖు, సోమవారం, ఉదయం ఏడు గంటలకు పోకసాబో తూర్పు తట్టులోకి రంపాలు దిగుతాయి. పదకొండు వందల ఎకరాలు. ఉత్తర్వు నా కళ్ళతో చూసి రాస్తున్నాను, విన్నమాట కాదు.

పోకసాబో చిత్తడి అడవి మొత్తాన్ని ఉద్యానవనం చేయమని వేసవిలో మీ వేట క్లబ్బు అర్జీ పెట్టింది. కౌలుదారుల తరఫున అధ్యక్షుడిగా నీ సంతకం ఉంది. పరిశీలన సంఘం నియమం ఒక్కటే: ఎన్నడూ గొడ్డలి పడని అడవి అయితేనే ఉద్యానవనం. షికాగోలో ఉండే యజమానులు ఇప్పుడు 1926 నాటి ఒప్పందం ఒకటి బయటికి తీశారు. వాళ్ళ తాత తూర్పు తట్టు చెట్లన్నీ ఒక కలప వ్యాపారికి అమ్మాడు. 1930 లోగా కొట్టేయాలని షరతు. కొట్టేశారు కాబట్టి ఇప్పుడున్నది మళ్ళీ మొలిచిన అడవి అని, దాన్ని నరుక్కునే హక్కు తమకుందని వాళ్ళ వాదన.

ఆ వ్యాపారి మొదటి వరదకే పడవలు వదిలేసి పారిపోయాడని నీకూ తెలుసు, నాకూ తెలుసు. కాగితం మాత్రం లేదు. మీ సభ్యుల నోటిమాట చెల్లదట. "వేటగాళ్ళు చెప్పే కొలతలకు మా దగ్గర ప్రత్యేకంగా ఒక బుట్ట ఉంది," అన్నాడు సంఘం గుమాస్తా.

చెట్లను తొలిచి వయసు తెలిపే వలయాలు లెక్కపెట్టుకోమన్నాను. తొలవాలంటే యజమానులు ఒప్పుకోవాలి. చెట్టుకు బెజ్జం పడుతుందని వాళ్ళు ఒప్పుకోవడం లేదు. నరకడానికి మాత్రం అభ్యంతరం లేదు. సంఘమే ఆజ్ఞ ఇవ్వొచ్చు, కానీ దానికి ముందు ఏదో ఒక ప్రాథమిక ఆధారం చూపించాలి.

ఒప్పందంలో మనకు పనికొచ్చే వాక్యం ఒకటుంది: "పని చెవిటి యూనిస్ అనే సైప్రస్ చెట్టుతో మొదలుపెట్టాలి." అది నిజమే. వాగు గొంతులో అడ్డంగా నిలబడ్డ ఆవిడను పడగొట్టకుండా వెనక నుంచి ఒక్క దుంగ కూడా బయటికి తేలదు. కాబట్టి 1930 తర్వాత యూనిస్ నిలబడే ఉందని చూపిస్తే చాలు. ఆవిడ '59 తుఫానులో కూలి మునిగిపోయింది. నీళ్ళడుగున ఉన్న మొద్దును రంపం కోసిందో గాలి విరిచిందో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

విచారణ నవంబర్ 25, మంగళవారం, ఉదయం పది గంటలకు. మినిట్స్ పుస్తకాలు, ఫోటోలు, ఏవున్నా పంపు. మా పత్రికలో ఈ వార్త నేను రాయడానికి లేదు. అర్జీదారుకి చెల్లెలినని ఎడిటరు నన్ను తప్పించాడు. అందుకే ఉత్తరాలు రాసే తీరిక దొరికింది.

విన్నీ


పోకసాబో క్లబ్బు,
సెప్టెంబర్ 4

విన్నీకి,

మినిట్స్ పుస్తకం '36 వరద దాకా ఉంది. ఆ వరదకు ఇల్లు ఒక పక్కకు ఒరిగింది కదా, అప్పుడు పుస్తకాన్ని బిలియర్డ్స్ బల్ల కాలికింద పెట్టాం. అప్పటినుంచి ఆట నిక్కచ్చిగా సాగుతోంది. పుస్తకం మాత్రం మట్టయిపోయింది. ఫోటోలు నలభై మూడున్నాయి. అన్నింట్లోనూ ఒక జింక, ఒక మనిషి, ఒక సీసా. చెట్టు ఒక్కదాంట్లోనూ లేదు. అడవిలో నిలబడి చెట్టును ఫోటో తీయాలని ఎవరికి తోస్తుంది?

ఇక మిగిలింది గోడ. నీకు తెలిసిందే అయినా గుమాస్తాకు చూపించుకోవడానికి వీలుగా రాస్తున్నాను. మా క్లబ్బులో జింక మీద గురి తప్పినవాడి చొక్కా తోక, అంటే వెనకవైపు కింది అంచు, ఆ సాయంత్రమే కత్తిరించి గోడకు కొడతాం. దానిమీద తప్పినవాడి పేరు, తేదీ, ఏ చెట్టు కింది మాటులో ఉండగా తప్పాడన్నది బట్టల సిరాతో రాయాలి. 1909 నుంచి నేటికి రెండువందల పన్నెండు తోకలు. 1919 నుంచీ రాత డార్కస్ సీబ్రుక్‌ది. వంటామె చేతికి కలం ఎందుకిచ్చారని గుమాస్తా అడిగితే, ఆ సమయానికి నిటారుగా నిలబడగలిగేది ఆవిడొక్కతేనని చెప్పు.

వాటిలో నాది లేదు. గొప్పకు చెప్పడం లేదు. నాన్నగారి ఫోటో కింద చట్రంలో ఆయన రాసిన నియమం ఉంది చూడు: "తోక ఊడినవాడు ఈ క్లబ్బుకు అధ్యక్షుడు కాడు, కాలేడు." ఆయన పోయాక, 1948 నుంచి, ఇరవై ఏడుసార్లు నేనే ఎన్నికయ్యాను. పోటీ ఎప్పుడూ లేదు. పోటీ చేయడానికి తోకలేని మనిషి ఇంకొకడు దొరకలేదు.

తోకలు పనికొస్తాయా?

నీ అన్న,
ఆల్‌స్టన్


కొలంబియా,
సెప్టెంబర్ 12

అన్నయ్యకు,

పనికొస్తాయి. గుమాస్తా నియమాల పుస్తకం మొత్తం తిరగేశాడు. పత్రం కాగితం మీదే ఉండాలని ఎక్కడా లేదు. పేరు, తేదీ, స్థలం ఉండి, రాసిన మనిషి బతికి ఉండి ప్రమాణం చేస్తే చెల్లుతుంది. డార్కస్ క్లబ్బు సభ్యురాలు కాదు కాబట్టి వేటగాళ్ళ బుట్టలోకి రాదు.

ఇవి మాత్రం గుర్తుంచుకో. ఒకటి, ఏ పత్రమూ పద్నాలుగు అంగుళాలకు మించకూడదు. రెండు, మడిచిన పత్రం తీసుకోరు. మూడు, అసలుతోపాటు రెండు నకళ్ళు కావాలి. నకలంటే ఇంకో రెండు చొక్కాలు కత్తిరించాలా అని అడిగాను. ఆ విషయం పైవాళ్ళను అడిగి చెబుతానన్నాడు. అతను నవ్వలేదు.

1930 తర్వాతివి, యూనిస్ పేరున్నవి ఏరి పంపు. ఒక్కటి చాలు.

విన్నీ


పోకసాబో క్లబ్బు,
అక్టోబర్ 6

విన్నీకి,

తోకలు బయటికి పంపాలంటే సర్వసభ్య సమావేశం పెట్టక తప్పదు. శనివారం పెట్టాం. అడవిని కాపాడటానికి ప్రాణాలైనా ఇస్తామని జూన్‌లో నిలబడి చప్పట్లు కొట్టిన మనుషులే వీళ్ళంతా.

పళ్ళ డాక్టరు లూషస్ ప్లౌడెన్ ముందు లేచాడు. "గోడమీద నావి ఎన్నున్నాయి?"

"పద్నాలుగు," అంది డార్కస్ వంటగదిలోంచి.

"మా ఆవిడకు రెండని చెప్పాను."

"చెప్పేటప్పుడు అడిగి ఉంటే నేనే చెప్పేదాన్ని."

"అధ్యక్షా, ఇవి సర్కారు దస్త్రాల్లోకి ఎక్కితే మనం చచ్చాక కూడా ఉంటాయి. నా మనవడు చదువుతాడు."

"చదువు వచ్చినందుకు సంతోషించు," అన్నాడు వెనక నుంచి ఎవడో. "మీ వంశంలో అదే మొదలు."

గంటన్నర పాటు ఇదే గోల. చివరికి డార్కస్ గుమ్మంలోకి వచ్చి, ఓటింగు అయ్యేదాకా పొయ్యిమీది కోడి పులావు దించేది లేదని, అడుగంటితే అడుగంటిందే తినాలని చెప్పింది. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

1930 తర్వాతివి అరవై ఒకటి తేలాయి. అన్నీ పడమటి తట్టువే. సగానికి సగం 'ఇద్దరు పాస్టర్లు' మాటులోవి. ఒకదానివైపు ఒకటి చూడకుండా చెరోవైపు ఒరిగిన ఆ రెండు పైన్ చెట్లూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి. ప్లౌడెన్ తోకలు పత్రాలుగా పనికిరావు. కొలిచాను, ఒక్కోటి పంతొమ్మిది అంగుళాలుంది.

యూనిస్ పేరున్నది గోడమీద లేదు. యూనిస్ మాటు అధ్యక్షుడిది, ఆయన పక్కన అధ్యక్షుడి కొడుకుది. మా ఇద్దరికీ గురి తప్పదు. మన ఇంటి గురే అడవికి శత్రువవుతుందని అనుకోలేదు.

ఆల్‌స్టన్


కొలంబియా,
అక్టోబర్ 20

అన్నయ్యకు,

శుక్రవారం డార్కస్ సీబ్రుక్ కంటి డాక్టరు దగ్గరికి వచ్చి, అక్కణ్ణుంచి మా ఆఫీసుకు వచ్చింది. డెబ్భై నాలుగేళ్ళ మనిషి మూడంతస్తులూ మెట్లెక్కింది. మా సంభాషణ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"విన్నమ్మా, యూనిస్ తోక కోసం వెతుకుతున్నారట."

"లేదని అన్నయ్య రాశాడు, మిస్ డార్కస్."

"లేదని రాశాడా, గోడమీద లేదని రాశాడా?"

నీ ఉత్తరం సొరుగులోంచి తీసి చూశాను. 'గోడమీద లేదు' అనే ఉంది.

"మీ నాన్నగారి ఫోటో గోడమీద ఉంటుంది," అంది. "ఫోటో వెనక చెక్కకు కొట్టింది గోడమీద ఉన్నట్టు లెక్కా కాదా, నాకు తెలియదు. నేను వంటమనిషిని."

"ఎవరిది?"

"రాసింది నేను. చదవాల్సింది నువ్వు." బుట్టలోంచి పర్సిమన్ పళ్ళు తీసి నా టైపురైటరు పక్కన పెట్టింది. మెట్ల దగ్గర ఆగి, "నీ కుడిభుజం ఎలా ఉంది?" అంది. బాగానే ఉంది, కళ్ళే మసకేస్తున్నాయన్నాను. ఆ వయసులో ఎవరికి ఏ నొప్పో కలిసిపోతుంటుంది.

నాన్న ఫోటో దించి వెనక చూడు.

విన్నీ


పోకసాబో క్లబ్బు,
అక్టోబర్ 29

విన్నీకి,

నది రోజుకు నాలుగంగుళాలు పెరుగుతోంది. సైప్రస్ మోకాళ్ళు, అదే, నేలలోంచి పైకి పొడుచుకొచ్చే ఆ వేళ్ళు, సగందాకా మునిగాయి. ఈ ఏడు టుపెలో చెట్లు విరగకాశాయి, ఎలుగుబంట్లకు పండగ. మెట్లకింద ఒక తాబేలు కాపురం పెట్టింది. దానికి ప్లౌడెన్ పోలికలున్నాయి. ఇద్దరికీ మెడ లేదు.

షికాగో యజమానులు ఒక మనిషిని పంపి తూర్పు తట్టు చెట్లకు ఎర్రరంగు గీతలు పెట్టిస్తున్నారు. మంగళవారం అతని పడవ మూడుసార్లు మా మెట్లకే తిరిగొచ్చింది. మూడోసారి అన్నం పెట్టి దారి చెప్పాం. చెప్పిన దారి తప్పుది.

ఆల్‌స్టన్

తా.క. నాన్నగారి ఫోటో మేకు తుప్పుపట్టింది. కదిలిస్తే గోడ పెచ్చు ఊడేలా ఉంది.


కొలంబియా,
నవంబర్ 5

అన్నయ్యకు,

తాబేలు క్షేమమని తెలిసి సంతోషం.

ముప్ఫై ఒక్కేళ్ళుగా మనుషులను ప్రశ్నలు అడిగి బతుకుతున్నాను. ప్రశ్న అడిగితే వాతావరణం చెప్పేవాళ్ళను ఇద్దరు గవర్నర్లలో చూశాను. నువ్వు మూడోవాడివి. ఫోటో వెనక ఏముంది? ఎవరి పేరు? ఏ తేదీ? ఏ చెట్టు?

ఇంకా ఇరవై రోజులుంది.

విన్నీ


పోకసాబో క్లబ్బు,
నవంబర్ 12

విన్నీకి,

ఎర్ర ఫ్లానెల్ గుడ్డ. పదకొండున్నర అంగుళాలు. ఆల్‌స్టన్ ట్రూలక్. 1934 నవంబర్ 17, శనివారం. చెవిటి యూనిస్.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. నాన్న తానే కత్తిరించి, డార్కస్ చేత రాయించి, తన ఫోటో వెనక తనే మేకు కొట్టాడు. "తోక తోకే, దాన్ని కాల్చేయడం దొంగతనమవుతుంది," అన్నాడు. "కానీ ఎక్కడ తగిలించాలో నియమంలో లేదు." రేపు నేను అధ్యక్షుణ్ణి కావాలని ఆయన పట్టుదల. నలభై ఒక్కేళ్ళుగా ఆ ఫోటో కిందే కూర్చుని భోంచేస్తున్నాను.

పరువు సంగతి పక్కనపెట్టు. చిక్కు వేరే ఉంది. కౌలు పత్రాలు 1950లో, '60లో, '70లో అధ్యక్షుడి హోదాలో నేను సంతకం చేశాను. నియమం ప్రకారం నేను అధ్యక్షుణ్ణే కాను. సంతకం చెల్లకపోతే కౌలు చెల్లదు. కౌలు చెల్లకపోతే అర్జీ పెట్టడానికి మనమెవరం? తోక చూపిస్తే యూనిస్ బతికి ఉన్నట్టు తేలి అర్జీ చస్తుంది. దాచేస్తే అర్జీ బతికి యూనిస్ చస్తుంది. మూడు వారాలుగా ఇదే లెక్క వేస్తున్నాను, ఇంకో జవాబు రావడం లేదు.

ఏం చేయాలో నువ్వే తేల్చు. వరద మెట్లదాకా వచ్చింది. కుక్కలనూ ఇంటినీ వదిలి నేను కదలలేను. తోక డార్కస్ చేతికి ఇస్తాను, విచారణకు తను తెస్తుంది.

ఆ రోజు గురించి ఇంతకంటే రాయను. అడగొద్దు.

ఆల్‌స్టన్


కొలంబియా,
నవంబర్ 16

అన్నయ్యకు,

అడగను. నాకు తెలిసింది రాస్తాను.

1934 నవంబర్ 17 ఉదయం యూనిస్ మాటులో ఇద్దరున్నారు. ఒకరు నువ్వు. రెండోది నీ పాత కోటు వేసుకుని, జుట్టు టోపీలోకి దోపుకున్న నేను. పదహారేళ్ళు. ఆడవాళ్ళు మాటులోకి రాకూడదు కాబట్టి వచ్చాను. కుక్కల అరుపు దగ్గరయింది. తుపాకీ ఒక్కసారి నా చేతికివ్వమని బతిమాలాను. జింక వాగు దాటి మన ముందుకొచ్చి ఆగింది. పేల్చాను. జింక వెళ్ళిపోయింది. గుండు యూనిస్‌కు తగిలింది. ఆవిడకు వినపడలేదు.

మనుషుల మాటలు వినిపించగానే నన్ను పడవలోకి తోశావు. మర్నాడు నేను హాస్టలుకు వెళ్ళిపోయాను. "ఏం చెప్పావు?" అని క్రిస్మస్‌కు అడిగితే, "పంది అనుకుని పేల్చానన్నా," అన్నావు. పంది తప్పితే తోక ఊడదు కాబట్టి నమ్మాను. మరో మూలం దగ్గర సరిచూసుకోలేదు.

తుపాకీ తన్నిన భుజం నల్లగా కమిలితే, పడవలో జారిపడ్డానని చెప్పాను. ఆ సాయంత్రం కర్పూరం నూనె రాసింది డార్కస్. పోయిన నెల భుజం గురించి ఆవిడ ఎందుకడిగిందో ఈ ఉదయం నీ ఉత్తరంలో తేదీ చదివాక తెలిసింది.

గురి తప్పింది నాది. కత్తిరించింది నీ చొక్కా. విచారణలో ఇదే చెబుతాను. నువ్వు అధ్యక్షుడివే, కౌలు చెల్లుతుంది.

ఇంతకంటే రాయడం నాకూ చేతకావడం లేదు.

విన్నీ


పోకసాబో క్లబ్బు,
నవంబర్ 20

విన్నీకి,

నోరు మూసుకుని కూర్చో. అన్నగా చెబుతున్నాను, అధ్యక్షుడిగా కూడా చెబుతున్నాను.

నువ్వు లేచి అది నా తోక కాదంటే వాళ్ళ లాయరు ఏమంటాడు? పేరే అబద్ధమైన పత్రంలో తేదీ నిజమని నమ్మేదెలా అంటాడు. చెట్టు పేరు నిజమని నమ్మేదెలా అంటాడు. నీ ఒక్కమాటతో యూనిస్‌ను మళ్ళీ పడగొడతావు. ఆవిడను ఒకసారి కాల్చావు, చాలు.

అధ్యక్ష పదవి పోతే పోనీ. ఆ గుడ్డ నిజమైనదని ముందు వాళ్ళ నోటితో అనిపించు. ఆ తర్వాత నీ ఇష్టం.

డార్కస్ మూడు రోజులు ముందే బయల్దేరుతోంది, దారిలో కూతురింట్లో ఆగుతుంది. 'ఆధారం ఏ స్థలంలో దొరికిందో ఆ స్థలాన్ని కూడా సమర్పించాలి' అని గుమాస్తా కబురు పంపాడట. అందుకని నాన్న ఫోటో, వెనక చెక్క, కింద నియమం, చట్రంతో సహా మొత్తం దించి దుప్పట్లో చుట్టి ఇచ్చాను. గోడమీద ఆ మేర తెల్లగా ఉంది. నలభై ఒక్కేళ్ళలో మొదటిసారి తలెత్తి అన్నం తిన్నాను.

నీళ్ళు రెండో మెట్టు దగ్గరున్నాయి. తాబేలు పై మెట్టుకు మారింది.

నీ అన్న


కొలంబియా,
నవంబర్ 26

అన్నయ్యకు,

సోమవారం రంపాలు దిగవు. మిగతాది వరసగా రాస్తాను.

సంఘం అధ్యక్షుడు వార్డ్‌లా గారు పూర్వం స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు. మాట్లాడేవాళ్ళ గోళ్ళు చూసే అలవాటు ఇంకా పోలేదు. యజమానుల తరఫు లాయరు పేరు స్టాల్వర్త్. ఎర్ర ఫ్లానెల్ నకలు తీస్తే యంత్రంలోంచి నల్లకాగితం వచ్చింది. రెండు నల్లకాగితాలూ అసలుకు సరితూగుతున్నాయని గుమాస్తా ముద్ర వేశాడు. నాన్న ఫోటోకు కూడా నకళ్ళు కావాలన్నాడు. నాన్న కూడా నల్లగానే వచ్చాడు.

డార్కస్ ప్రమాణం చేసింది. వార్డ్‌లా గారు "మిసెస్ సీబ్రుక్" అని పిలిచి కుర్చీ వేయించారు. క్లబ్బులో యాభై ఆరేళ్ళలో ఆవిడను ఎవరూ అలా పిలవగా నేను వినలేదు. నేను కూడా పిలవలేదు.

స్టాల్వర్త్ అడిగాడు: "ఈ రాత మీదేనని ఎలా చెప్పగలరు?"

"ఇలాంటివి నూట డెబ్భై పైన రాశాను బాబూ. మీరు ఎన్ని చూశారు?"

"నలభై ఒక్కేళ్ళ కిందటి శనివారం మీకు గుర్తుందా?"

"ఆ రోజు వండింది పంది మాంసం హ్యాష్, అన్నం. నాకు వంట గుర్తుంటుంది, తప్పినవాళ్ళు గుర్తుండరు. అందుకే రాసి పెట్టేది."

ఆ దశలో అతను చేయగలిగింది ఒకటే, గుడ్డ దొంగదని అనడం. అనడానికి లేచాడు కూడా. అప్పుడు బల్లమీదున్న నాన్న ఫోటో కింద నియమం అతని కంటబడింది. రెండుసార్లు చదివాడు. కౌలు పత్రం అడిగి తీసుకుని, చివరి పేజీలో నీ సంతకం చూశాడు. ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగంలో మనిషి ముఖం అంత త్వరగా వెలగడం నేను చూడలేదు.

"అయ్యా," అన్నాడు, "నేను తోకను కాదనడం లేదు. తోక నిఖార్సయినది. పేరు నిజం, తేదీ నిజం, స్థలం నిజం. 1934 నవంబర్ 17న ఆల్‌స్టన్ ట్రూలక్ గురి తప్పాడు. కాబట్టి క్లబ్బు నియమం ప్రకారం అతను అధ్యక్షుడు కాడు. కౌలు చెల్లదు. అర్జీ పెట్టడానికి వీళ్ళకు అర్హత లేదు. కొట్టేయండి."

వార్డ్‌లా గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "స్థలం నిజమన్నారు?"

"నూటికి నూరు పాళ్ళు."

"స్థలం ఏమిటి?"

"చెవిటి..." అని ఆగాడు.

"చదవండి."

"చెవిటి యూనిస్."

"1926 ఒప్పందం ప్రకారం 1930 లోగా ముందుగా కొట్టేయాల్సిన చెట్టు?"

గుమాస్తా రాసుకున్నాడు: 'యజమానుల తరఫు అంగీకారం, ఒకటి.'

"అంటే 1934లో ఆ చెట్టు నిలబడి ఉంది. మీ మాటే," అన్నారు వార్డ్‌లా గారు. "ఇక కౌలు సంగతి. అధ్యక్షుడి గురి తప్పిన మాట తోక చెబుతోంది. ఎవరికైనా అభ్యంతరం ఉందా?"

అప్పుడు లేచాను. నువ్వు చెప్పిన వరస తప్పలేదు.

"ఉంది," అన్నాను. "చొక్కా మా అన్నయ్యది. పేల్చింది నేను."

హాల్లో సగంమంది క్లబ్బు సభ్యులే. పడవలు కట్టించుకుని మరీ వచ్చారు. ప్లౌడెన్ "ఆడమనిషి, యూనిస్ మాటులో," అన్నాడు. అడవి నరికేస్తారన్నప్పుడు కూడా అతని ముఖం అలా పాలిపోలేదు.

స్టాల్వర్త్ లేచి, పేరు తప్పయితే పత్రమే తప్పన్నాడు. పది నిమిషాల క్రితం దాన్ని నిఖార్సయినదన్నది ఎవరని వార్డ్‌లా గారు అడిగారు. నన్ను మాత్రం ఊరికే వదల్లేదు.

"పేల్చింది మీరేనని రుజువేమిటి?"

డార్కస్ కుర్చీలోంచే చెప్పింది. "ఆ సాయంత్రం కుడిభుజానికి నూనె రాసింది నేను. అరచేయంత నలుపు. ఆల్‌స్టన్ బాబు భుజాన ఏమీ లేదు. ఆ రోజు చొక్కా కత్తిరిస్తే వంటింట్లోనే మార్చుకున్నాడు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నన్నెవరూ అడగలేదు. పేరు రాయమన్నారు, రాశాను."

ఆయన నావైపు తిరిగారు. "గుండు తగిలిన చెట్టు అదేనని మీకు రూఢిగా తెలుసా?"

"పన్నెండడుగుల దూరంలో ఇరవై ఏడడుగుల చుట్టుకొలత ఉన్న చెట్టు. దాన్ని తప్పించడం నావల్ల కూడా కాలేదు."

ఆజ్ఞ మధ్యాహ్నం రెండున్నరకు చదివారు. ప్రాథమిక ఆధారం ఉంది. యూనిస్ వెనకాల పది చెట్లు తొలిచి వలయాలు లెక్కపెడతారు. యజమానుల అనుమతి అక్కర్లేదు. ఆ లెక్క తేలేదాకా తూర్పు తట్టులో రంపం దిగకూడదు. కౌలు చెల్లుతుంది. నీ అధ్యక్ష పదవి క్లబ్బు సొంత విషయమట, సంఘం దానిలో తలదూర్చదు. తోక రసీదు నంబరు పద్నాలుగు. కేసు తేలాక తిరిగిస్తారు. ఆ చొక్కా నువ్వు ఇంకా దాచుకున్నావని డార్కస్ చెప్పింది. తోక రాగానే కుట్టిపెడుతుందట.

బయట మెట్లమీద ప్లౌడెన్ నన్ను ఆపి, సభ్యులు ముగ్గురితో నిలబడి, చాలా మర్యాదగా నియమం గుర్తుచేశాడు. తప్పిన గురికి తోక బాకీ ఉంది. నలభై ఒక్కేళ్ళు ఆలస్యమైనా మాఫీ లేదట. ఆడవాళ్ళ చొక్కాలకు తోకలుంటాయా అన్న దానిమీద కాసేపు తర్జనభర్జన పడ్డారు. నేనే తేల్చాను. నిన్న సాయంత్రం మగవాళ్ళ దుకాణంలో తెల్లచొక్కా ఒకటి కొన్నాను.

డిసెంబర్ 6, శనివారం. తొమ్మిది గంటలకు సంఘం వాళ్ళ రెండు పడవలు మీ మెట్ల దగ్గరికి వస్తాయి. దారి ఈసారి సరైనది చెప్పు. పదకొండుకు యూనిస్ ఉన్నచోట తొలవడం మొదలు. అది కాగానే ఒంటిగంటకు క్లబ్బులో కత్తిరింపు. కత్తెర సానపట్టించడానికి ఇచ్చానని మిసెస్ సీబ్రుక్ చెప్పింది. రాతా ఆవిడదే. గోడమీద నాన్న ఫోటో ఉన్న తెల్లటి జాగా అలాగే ఖాళీగా ఉంచు.

తోక కొలిచాను. పద్నాలుగు అంగుళాలకు మించలేదు.

విన్నీ